పదకొండు దెబ్బలు

స్క్రూ రాలేదు. పొద్దున్నుంచీ దాని కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. కిరసనాయిలు పోశాను, నూనె పోశాను, బతిమాలాను, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. రైఫిలు చెక్క కింద, ట్రిగ్గర్‌కి కాస్త వెనగ్గా, చిటికెనవేలి గోరంత తల ఉన్న స్క్రూ అది. ముందువైపున్న దాని జంట రెండు చుట్లకే చెప్పిన మాట విని ఊడొచ్చింది. ఇదేమో నాతో పంతానికి దిగింది. నాతో పంతానికి దిగితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. దానికొక్కదానికే తెలీదు.

"నీకు చుట్టమేమోనే ఆ స్క్రూ. అచ్చం అదే మొండితనం," అన్నారు మామయ్య, ఎదురుగా కుర్చీలో కూర్చుని.

"నా చుట్టమైతే ఈపాటికి మీ మీద విసుగొచ్చి లేచిపోయేది," అన్నాను.

తడిక అవతల వంటింట్లోంచి అత్తయ్య నవ్వడం వినపడింది. మా కొట్టుకీ వంటింటికీ మధ్య గోడ లేదు, పలచటి చెక్క తడిక ఉంది. ఇక్కడ తుమ్మితే అక్కడ చిరంజీవ అంటారు.

మామయ్యంటే మా ఆయన తండ్రి. కొట్టు ఆయనదే. ఇంటి ముందుగదిలో నలభై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తున్నారు. కాపలావాళ్లవి, పొలాల వాళ్లవి, అడవి గార్డులవి, ఎవరి తుపాకీ మొరాయించినా ఇక్కడికే రావాలి. మా ఆయనకి ఇనుము వాసన పడదు, బస్సు నడుపుకుంటాడు. కాపరానికొచ్చిన కొత్తల్లో ఊరికే కూర్చోలేక ఆకురాయి పట్టుకున్న నాకు ఈ పని అబ్బింది. పదిహేనేళ్లుగా పని నాది, వంకలు పెట్టడం మామయ్యది.

ఈ రైఫిలు ఒక అడవి గార్డుది. వాగు దాటుతుంటే భుజం మీంచి జారి నీళ్లలో పడిందట. పది రోజుల తర్వాత బురదలో దొరికింది. తుప్పు పట్టి, చెక్క ఉబ్బి, తూటా గదిని వెనకనుంచి మూసే బోల్టు బిగుసుకుపోయింది. దాని పిడి పైకి లేవడంలేదు కాబట్టి తెరిచి లోపల చూసే వీల్లేదు. చెక్క ఊడదీస్తే గానీ బోల్టు దగ్గరికి నూనె చేరదు. ఈ స్క్రూ వస్తే గానీ చెక్క ఊడదు. సాయంత్రం అయిదింటికి గార్డు వస్తానన్నాడు. "ఖాళీదే, నాదీ పూచీ," అని కూడా చెప్పి వెళ్లాడట.

మా కొట్లో పూచీలు చెల్లవు. మామయ్య పెట్టిన పద్ధతి ఒకటుంది. తెరవడానికి వీల్లేని తుపాకీ ఏదొచ్చినా ముందు ఇత్తడి ఊచ గొట్టంలోకి దించుతాం. ఎక్కడ ఆగిందో బొటనవేలితో గుర్తుపట్టి, బయటికి తీసి, గొట్టం పక్కన పెట్టి కొలుస్తాం. బోల్టు దాకా చేరితే ఖాళీ. మూడు వేళ్ల వెడల్పు ఇవతలే ఆగిపోతే లోపల తూటా ఉన్నట్టు. ఖాళీ అని తేలాకే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకి ఎర్రదారం కడతాం. దారం లేని తుపాకీని నేను ముట్టుకోను. దారం ఉన్నదాన్ని మేమెవరం తుపాకీ అనుకోం, మాకది చీపురుకట్టతో సమానం.

ఊచ దించడం, దారం కట్టడం మొదట్నుంచీ మామయ్య చేతి పని. ఆయన ఎడమచేతి చూపుడువేలు ఎప్పుడో డ్రిల్లు మిషన్ కింద సగం పోయింది. దాంతో ముడి తిరగేసి వేస్తారు, కొస రెండుసార్లు లోపలికి దోపుతారు. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా అలా రాలేదు. ఈ రైఫిలు నిన్న వచ్చినప్పుడు నేను కూరగాయలకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బల్లమీద ఉంది, ఎర్రదారం కట్టి ఉంది. ఇంకేం చూడాలి?

వెలుతురు కోసం, బల్లమీద వస్తువుని కరిచిపట్టే వైసుని కిటికీ వైపు తిప్పి రైఫిలుని బోర్లా బిగించాను. గొట్టం కొన సూటిగా మామయ్య కుర్చీ వైపు ఉంది. ఆయన వెనక తడిక. తడిక వెనక అత్తయ్య. నేనేం గుడ్డిదాన్ని కాదు, చూశాను. చీపురుకట్ట ఎటు తిరిగి ఉంటే ఏం?

సోల్డరింగ్ ఐరన్ కాల్చి స్క్రూ తలమీద పెట్టాను. వేడికి లోపలి తుప్పు విడుతుంది. పొగ లేచింది, ఉబ్బిన చెక్క వాసన ముక్కుకి కొట్టింది. తర్వాత స్క్రూడ్రైవర్ గాడిలో నిలబెట్టి, దాని నెత్తిన సుత్తితో కొట్టాను.

"ఒకటి," అన్నారు మామయ్య.

"లెక్కపెట్టక్కర్లేదు."

"రెండు. నేనైతే అయిదో దెబ్బకి తీసేవాణ్ని. మూడు."

ఒళ్లు మండి ఇంకా గట్టిగా కొట్టాను. ఆయన మానకుండా లెక్కపెట్టారు. పదకొండు దెబ్బలు కొట్టాను. స్క్రూ మాత్రం ఇసుమంత కదలలేదు. మళ్లీ ఐరన్ పెట్టి వేడిచేస్తుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

వచ్చింది బొంగరం. పక్కవీధిలో లేతు మిషన్ నడుపుతాడు, రోజంతా ఏదో ఒకటి తిప్పుతుంటాడని ఆ పేరు పడింది. యాభై దాటినా ఇంకా బొంగరమే. అతని చేతిలో పాతగుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది.

"ఇదిగోనక్కా నీ ఊచ. వంకర తీసేశాను. మూడ్రోజులై నా దగ్గరే పడి ఉంది. నువ్వు రావు, కబురు పెట్టవు. సర్లే, నేనే తెచ్చిద్దామని వచ్చా."

ఐరన్ నా చేతిలోనే ఉంది. స్క్రూ తలమీద నూనె చిటపటమంటోంది. మూడ్రోజులు. రైఫిలు వచ్చింది నిన్న. మాకున్నది ఆ ఊచ ఒక్కటే.

"మన ఊచ నీ దగ్గరికెప్పుడొచ్చిందిరా?" అన్నారు మామయ్య నవ్వుతూ. "నిన్ననే కదా వాడాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊచ వంగిపోయింది, బొంగరం దగ్గరికి పంపిస్తున్నానని నేనే ఆయనకి చెప్పాను. సరేనన్నారు. నిన్న దారం చూశాక ఆ సంగతి నాకే తట్టలేదు. ఇప్పుడు ఆ నవ్వులో అబద్ధం లేదు. దాపరికం లేదు. నిన్న ఊచ దించానని ఆయన నిజంగానే అనుకుంటున్నారు. ఆ దారాన్ని నమ్ముకునే నేను ఆయన గుండెకి ఎదురుగా పదకొండు దెబ్బలు కొట్టాను.

ఐరన్‌ని మెల్లగా పైకెత్తి స్టాండులో పెట్టాను. రైఫిలు వైపు చూశాను. బోల్టు వెనక బుడిపె బయటికి పొడుచుకొచ్చి ఉంది. అంటే లోపల స్ప్రింగు వెనక్కి లాగి, పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. దాన్ని ఆపుతున్నది తుప్పు పట్టిన చిన్న ఇనుప పన్ను ఒక్కటే. ఆ బుడిపెని పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాను. దారం ఉంది కదా అని పట్టించుకోలేదు.

"మామయ్యా, లేవండి."

"ఎందుకు?"

"అత్తయ్య పిలుస్తోంది."

"నాకు వినపడలేదే. ఏమేవ్, పిలిచావా?"

"నేనెందుకు పిలుస్తాను? పీడా పోయింది, అక్కడే ఉండండి," అంది అత్తయ్య తడిక వెనకనుంచి.

"లేవమంటే లేవండి!" అని అరిచాను. "ఇద్దరూ పెరట్లోకి వెళ్లండి. అత్తయ్యా, పొయ్యి ఆపేసి బయటికి పదండి. ఒక్క మాట మాట్లాడొద్దు."

ఈ ఇంటికొచ్చాక మామయ్య మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఆయన మొహం చిన్నబోయింది. కుర్చీ చేతులమీద బరువు వేసి లేచి, గొట్టం కొనకి జానెడు దూరంలోంచే నడిచి వెళ్లారు. ఆ నాలుగడుగులూ నేను ఊపిరి పీల్చలేదు. పెరటి తలుపు చప్పుడయ్యేదాకా ఆగాను.

"ఏమైందక్కా?" అన్నాడు బొంగరం.

"ఊచ ఇటివ్వు. నా వెనక నిలబడు. వెనకంటే వెనకే."

పక్కనుంచి చెయ్యి మాత్రం చాపి, ఊచ కొసని గొట్టంలోకి దించాను. ఇత్తడి ఇనుముకి రాసుకుంటూ మెల్లగా లోపలికి పోయింది. ఆగింది. బొటనవేలితో గుర్తుపట్టి బయటికి తీశాను. గొట్టం పక్కన పెట్టాను.

మూడు వేళ్లు తక్కువ.

మళ్లీ దించాను. ఊచ గొట్టం అంచుకి టక్కున తగిలింది, ఆ చప్పుడుకే చచ్చినంత పనైంది. మళ్లీ అదే మూడు వేళ్లు.

"ఉందా?" అన్నాడు బొంగరం. నేను తలూపాను. "అమ్మ బాబోయ్. అక్కా, నాకు ఇంటిదగ్గర పనుంది."

"నాకూ ఉంది. ఇది నా ఇల్లే."

అతను వెళ్లలేదు. వెళ్తే తప్పుపట్టేదాన్ని కాదు. ఇద్దరం ఆ రైఫిలుని చూస్తూ నిలబడ్డాం. దీన్ని ఇలా వదిలేసి ఎక్కడికి పోతాం? వైసులోంచి తీస్తే ఆ కుదుపుకి పన్ను జారొచ్చు. తీయకపోయినా దానంతటదే జారొచ్చు. గార్డుని పిలిస్తే జీపులో వేసుకుని గతుకుల్లో పడి పోతాడు. ఊళ్లో తుపాకీ మొరాయిస్తే అందరూ మా దగ్గరికొస్తారు. మాకొస్తే మేమెవరి దగ్గరికి పోవాలి?

మూల ఇసుకపెట్టె ఉంది. దారం లేని రోజుల్లో, అంటే మామయ్య కుర్రతనంలో, గొట్టాలు దాని వైపే తిప్పి పనిచేసేవారట. ఇప్పుడు అందులో పిల్లులు పడుకుంటాయి. వైసు కింది మర సడలించి, బొంగరం అటు, నేను ఇటు పట్టుకుని, గొట్టాన్ని అంగుళం అంగుళం ఆ మూలకి తిప్పాం. పాత వైసు, ప్రతి అంగుళానికీ మూలిగింది. అది మూలిగిన ప్రతిసారీ బొంగరం కళ్లు మూసుకున్నాడు. ఇసుకకి ఎదురుగా వచ్చాక కింది మర బిగించి, ఇద్దరం నేలమీద కూలబడ్డాం.

ఇక సుత్తి లేదు, వేడి లేదు. స్క్రూని చప్పుడు లేకుండా తీయాలి. స్క్రూడ్రైవర్ కొనని ఆకురాయితో అరగదీశాను. గాడిలో వదులు లేకుండా, కాగితం కూడా దూరనంత సరిగ్గా కూర్చునేదాకా అరగదీశాను. మధ్యలో రెండుసార్లు చెమటకి చెయ్యి జారింది. తర్వాత బొంగరాన్ని బల్ల మీదకి వంగి, రెండు చేతులతో స్క్రూడ్రైవర్‌ని కిందికి అదిమి పట్టుకోమన్నాను. దాని కాడకి స్పానర్ తగిలించి తిప్పడం నా పని.

"బరువంతా వెయ్యి. కుదపకు."

"ఈ వయసులో నాకిదేం శిక్షక్కా. దగ్గొస్తోంది."

"దగ్గావంటే ముందు నేనే చంపుతా."

స్పానర్ ఎడమకి లాగాను. కదల్లేదు. ఇంకాస్త లాగాను. స్క్రూడ్రైవర్ కాడ మెలితిరగబోతోంది గానీ స్క్రూ కదల్లేదు. ఒక్కసారి జారిందంటే ఈ బరువంతా వెళ్లి ట్రిగ్గర్ మీద పడుతుంది. ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి, ఏడ్చాను.

"చప్పుడు ఆగిపోయిందేం?" పెరటి తలుపు దగ్గర మామయ్య గొంతు. "అరిచి బయటికి తోలావు, ఇప్పుడు చేతకాలేదా?"

"లోపలికి రాకండి!"

"రానులేవే. అలిగాను. ఎటు తిప్పుతున్నావు?"

"ఎడమకే. ఇంకెటు?"

"ముందు బిగించు."

"ఏంటీ?"

"కుడికి బిగించు. వెంట్రుకంత. తుప్పు అటువైపు విరుగుతుంది. అప్పుడు ఎడమకి రా. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

ఎప్పుడూ చెప్పలేదు. లేకపోతే ఎప్పుడో చెప్పారు, నేనే మర్చిపోయానేమో. మర్చిపోవడం అనే మాట తట్టగానే ఇందాకటి ఆయన నవ్వు గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకుని స్పానర్‌ని కుడివైపు మార్చాను. బిగించాను. నా అరచేతికి తెలిసీ తెలియనట్టు ఏదో కిర్రుమంది. బొంగరం నా వైపు చూశాడు. అతని చేతులకీ తెలిసింది. ఎడమకి లాగాను.

కదిలింది. గింజ పగిలినంత చిన్న చప్పుడు చేసి కదిలింది. ఆ చప్పుడుకి ఇద్దరం తలలు దించేసుకున్నాం. ఏం కాలేదు. పావు చుట్టు, అర చుట్టు, తర్వాత వేళ్లతోనే వచ్చేసింది. తుప్పుతో ఎర్రగా, పురుగులా ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాను.

దారం కోసేసి చెక్కని మెల్లగా పైకి లేపి తీశాను. తెరుచుకున్న చోటల్లా నూనె పోసి పావుగంట ఆగాం. బొంగరం ఆ పావుగంటలో మూడుసార్లు మంచినీళ్లు తాగాడు. తర్వాత బోల్టు పిడికి గుడ్డ చుట్టి, ఒక్కో నూలుపోగంత పైకెత్తాను. అది లేచినకొద్దీ భయం తగ్గాలి, నాకు పెరిగింది. పిడి పూర్తిగా లేస్తే స్ప్రింగు ముందుకి పోవడానికి వీలుండదు, ఇక పేలదు. లేచింది. వెనక్కి లాగితే తూటా జారి బల్లమీద పడింది. నా మూడు వేళ్ల వెడల్పంత పొడుగుంది. ఇత్తడి పచ్చబారింది గానీ మిగతాదంతా చెక్కుచెదరలేదు.

దొర్లిపోకుండా అరచేతితో ఆపాను. తల ఎత్తేసరికి మామయ్య గుమ్మంలో ఉన్నారు. నా చేతికిందున్నది చూశారు. ఇసుకపెట్టె వైపు తిప్పిన గొట్టాన్ని, తన ఖాళీ కుర్చీని చూశారు. నలభై ఏళ్ల పనివాడాయన, ఎవరూ చెప్పక్కర్లేదు.

"దారం ఎవరు కట్టారు?"

నేను తూటాని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాను.

"దారం ఎవరు కట్టారని అడుగుతున్నా!" ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "ఎవరి ప్రాణం తీద్దామని?"

"నేనే మామయ్యా," అన్నాను. "తొందరలో కట్టేశాను."

బొంగరం నేలచూపులు చూస్తున్నాడు. మామయ్య బల్ల దగ్గరికొచ్చారు. నన్ను కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఇవాళ్టినుంచి నువ్వు దారం జోలికి రావద్దు. కండె నా దగ్గరే ఉంటుంది, నేనే కడతాను," అంటూ బల్లమీద పడున్న తెగిన దారాన్ని విసిరేయడానికి చేతిలోకి తీసుకున్నారు.

విసిరేయలేదు. సగం వేలితో ముడిని తడిమారు. కిటికీ దగ్గరికెళ్లి వెలుతుర్లో చూశారు. తిరగేసిన ముడి. రెండుసార్లు లోపలికి దోపిన కొస.

"ఇది నీ ముడి కాదే," అన్నారు.

బొంగరం వైపు తిరిగారు.

"ఒరేయ్, ఊచ నిన్న నీ దగ్గరే ఉందా?"

"మూడ్రోజులుగా నా దగ్గరే పెద్దాయనా," అన్నాడు బొంగరం. చెప్పకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించినట్టుంది, నాలిక కరుచుకున్నాడు.

మామయ్య తన కుర్చీ వైపు నడిచి, కూర్చోబోయి, ఆగిపోయారు. ఆ కుర్చీకీ తడికకీ మధ్య గాలిలోకి చూశారు. తడిక అవతల అత్తయ్య అప్పుడే లోపలికొచ్చి, తనపాటికి తను సణుక్కుంటూ పొయ్యి మళ్లీ వెలిగిస్తోంది. గోడ వైపు తల తిప్పారు. అక్కడ వరసగా అయిదు తుపాకులు వేలాడుతున్నాయి. అయిదింటికీ ఎర్రదారాలు.

"ఇంకెన్ని కట్టానే ఇలా?" అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఒక్కొక్కటే దించి, ఇసుకవైపు తిప్పి చూశాం. తెరుచుకునేవాటిని తెరిచాను, తెరుచుకోనిదాంట్లో ఊచ దించాను. ఒక్కోటి చూసి ఖాళీ అని నేనన్న ప్రతిసారీ ఆయన "మళ్లీ చూడు," అన్నారు. అయిదూ ఖాళీవే. అయినా అయిదు దారాలూ ఆయనే తన చేత్తో కోసేశారు. కోసి, మేకుకి వేలాడే దారపు కండె తీసి నా ఒళ్లో పెట్టి, పెరట్లోకి వెళ్లిపోయారు. గార్డు వచ్చి, పని పూర్తికాలేదని నన్ను తిట్టిన తిట్లు నాకు ఒక్కటీ గుర్తులేవు. అతన్ని నేను తిట్టినవి మాత్రం వీధి వీధంతా విందట.

నాలుగు రోజుల తర్వాత గోడౌన్ వాచ్‌మెన్ తన తుపాకీ తెచ్చాడు. మామయ్య కుర్చీ ఇప్పుడు నా వెనక, తలుపు పక్కన ఉంది. తుపాకీ బల్లమీద పెట్టగానే ఆయన లేచి, అలవాటుగా మేకు వైపు చెయ్యి చాపారు. మేకు ఖాళీ. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి కిందికి దిగింది.

నేను ఊచ దించి, కొలిచి, నా కొంగుకి కట్టుకున్న కండెలోంచి దారం తెంపాను.

"చూశావా?" అన్నారు వెనకనుంచి.

"చూశాను మామయ్యా."

"మళ్లీ చూడు."

మళ్లీ చూశాను.